ఫోనుకు ఫోను ఇస్తామంటే...

పాత చీరలకు స్టీలు సామాను ఇచ్చే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు మన ఆడవాళ్ళు ఎంత నేర్పుగా బేరం చేస్తారో అందరికీ తెలిసిన సంగతే. రెండు జరీ చీరలు, ఇంటాయన పాత ప్యాంట్లు నాలుగు అరుగు మీద పెట్టి, అతను చూపించిన గిన్నె అందుకుని, అడుగున వేలితో కొట్టి చూసి, "ఇది పల్చన, నాకొద్దు, ఆ మందపాటిది ఇవ్వు" అంటారు. మూత సరిపోకపోతే ఊరుకోరు. అంచు వంకర ఉంటే అసలే ఊరుకోరు. అటువంటి మనమే, సెల్‌ఫోను కంపెనీ వారు "మీ ఫోను బాగుకాదు, దాని బదులు ఇంకో రకం ఇస్తాము" అనేసరికి, పెట్టె మూత తీయకుండానే సంతకం పెట్టేస్తాము. ఎందుకంటారా? ఉచితంగా వస్తోంది గదా అని. నిజానికి అది ఉచితం కాదు. దాని ఖరీదు మనం కొన్ననాడే చెల్లించేశాము.

ఈ చిక్కు ఏ ఒక్క ఇంటిదో కాదు. కొన్న ఏడాదిలోపల ఫోను పాడైతే కంపెనీ వారు బాగుచేసి ఇవ్వాలి. బాగుకాకపోతే మార్చి ఇవ్వాలి. కాగితం మీద ఇంతవరకు సవ్యంగానే ఉంటుంది. అయితే ఈ ఫోన్ల ఆయుర్దాయం బహు స్వల్పం. వస్తువు మాట కాదు నేను చెప్పేది, ఆ రకం మాట. సంక్రాంతికి కొన్న రకం దసరా నాటికి అంగట్లో కనిపించకపోవచ్చు. దాని తమ్ముడో, పినతండ్రి కొడుకో కొత్త పేరు పెట్టుకుని వచ్చి అద్దాల బీరువాలో కూర్చుంటాడు. అప్పుడు మన ఫోను పాడైతే, "అది లేదు, ఇది పుచ్చుకోండి" అంటారు. పుచ్చుకోవడమా, మానడమా? పుచ్చుకుంటే ఏమేమి చూసుకోవాలి? ఈ ప్రశ్న మీద మా ఇంట్లో వారాల తరబడి చర్చ జరిగింది గనక, అందులో తేలిన సంగతులు నలుగురికీ పనికివస్తాయని రాస్తున్నాను.

మా ఊరు, మా ఫోను

మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ నుంచి ఏలూరు పోయే జాతీయ రహదారీ, గుడివాడ నుంచి నూజివీడు పోయే రోడ్డూ కలిసే చోట అభయాంజనేయస్వామి గుడి ఉంది. ఆ స్వామి పేరే ఊరికి పేరైంది. 2001లో ఇదే పేరుతో సినిమా రావడంతో ఎక్కడెక్కడివాళ్ళకో కూడా మా ఊరి పేరు తెలిసింది. తమాషా ఏమంటే, మా ఊళ్ళో ఉన్న రైల్వే స్టేషను పేరు మాత్రం నూజివీడు. బోర్డు చూసి దిగిన కొత్తవాళ్ళు "నూజివీడు ఊరెటండీ?" అని అడిగితే, "ఇక్కడికి కాదండీ, ఇంకా బస్సెక్కి వెళ్ళాలి" అని చెప్పడం మాకు మామూలే. పైన రాసిన పేరు ఒకటీ లోపల ఉన్నది ఒకటీ కావచ్చునని మా ఊరివాళ్ళకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

నేను ఇంటిపట్టున జాకెట్లు కుడతాను. మగ్గం వర్కు చేయించి ఇస్తాను. గుడివాడ నుంచి, నూజివీడు నుంచి, పెళ్ళిళ్ళ రోజుల్లో ఏలూరు నుంచి కూడా వస్తారు. వచ్చినవాళ్ళు మొదట అడిగేది, "ఏవండీ, డిజైన్లు చూపించండి" అని. ఆ డిజైన్లన్నీ ఫోనులో ఉన్నాయి. ఐదేళ్ళుగా కుట్టిన ప్రతి జాకెట్టుకూ ముందు వైపు ఒకటి, వీపు వైపు ఒకటి, చేతుల పని ఒకటి, ఇలా ఫోటోలు తీసి మెమరీ కార్డులో దాచుకున్నాను. డబ్బు కూడా ఫోనులోకే వస్తుంది. మిషను పక్కన గోడకు అంటించిన చదరపు బొమ్మ మీదికి వాళ్ళు తమ ఫోను పట్టడం, నా ఫోను మోగడం, వాళ్ళు వెళ్ళడం.

రాత్రి తొమ్మిదింటికి ఆ ఫోను మా అత్తయ్యగారి చేతికి పోతుంది. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. చెవికి వైరు తగిలించుకుని, మంచం మీద పడుకుని ప్రవచనం వింటారు. వినిపించడం తక్కువ గనక శబ్దం పెద్దగా పెట్టాలి. వైరు లేకపోతే ఇంటిల్లిపాదికీ జాగరణే. ఒక్క ఫోను ఇన్ని పనులు చేస్తోందన్న సంగతి అది పాడైతేగాని మాకు తెలిసిరాలేదు.

పదిహేను వేలకు లోపు, సరిగ్గా చెప్పాలంటే 13,499 రూపాయలకు విజయవాడలో కొన్న ఫోను అది. పదో నెలలో తనంతట తనే ఆగిపోయి, తనంతట తనే వెలగడం మొదలుపెట్టింది. తరువాత వెలగడం కూడా మానేసింది. కంపెనీవారి సర్వీసు సెంటరు విజయవాడలో. ఇక్కడికి నలభై కిలోమీటర్లు. మావారు సెలవు పెట్టి తీసుకువెళితే, "కార్డూ సిమ్మూ మీ దగ్గర ఉంచుకోండి, మదర్‌బోర్డు పోయింది, తెప్పిస్తాము" అని చీటీ ఇచ్చారు. మూడు వారాలు గడిచాయి. అమ్మాయి పాత ఫోనుతో కాలక్షేపం చేశాను. అప్పుడు వచ్చింది కబురు: "మీ రకం ఫోను తయారీ ఆగిపోయింది. బోర్డు దొరకడం లేదు. దాని బదులు ఫలానా కొత్త రకం 5జీ ఫోను ఇస్తాము. వారంలోపల అంగీకారం తెలపండి."

ఇంట్లో నాలుగు అభిప్రాయాలు

మావారు ఆ కబురు చదివి, "ఇంకేం! మనది 4జీ, వాళ్ళిచ్చేది 5జీ. పెట్టె మీద ధర 18,999. ఐదు వేల ఐదు వందలు లాభం. ఆలోచించేదేముంది?" అన్నారు.

నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుకుంటున్న మా అమ్మాయి ఆదివారం వచ్చి, "కెమెరా ఎంత బావుంటుందో తెలుసా అమ్మా! నువ్వు వద్దంటే నాకిచ్చెయ్యి" అంది.

హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న మా మరిది ఫోనులో శ్రద్ధగానే చెప్పాడు. "వదినా, కొత్త రకం తీసుకోవడమే మంచిది. పాత రకానికి కంపెనీ వాళ్ళు భద్రతా సవరణలు పంపించడం త్వరలో ఆపేస్తారు. బ్యాంకు లావాదేవీలు చేసే ఫోనుకు అవి రాకపోతే ప్రమాదం. కొత్తదానికైతే ఇంకో మూడు నాలుగేళ్ళు వస్తాయి." ఈ మాటలో న్యాయముంది. దాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు.

అత్తయ్యగారు మాత్రం ఒకే ఒక ప్రశ్న వేశారు. "ఏమ్మాయ్, దానికి నా వైరు పడుతుందా?"

ఆ ప్రశ్నతోనే నా ఆలోచన దారిలో పడిందని చెప్పాలి. ఆ కొత్త రకం ఫోను వివరాలు తీసి చూస్తే, ఇయర్‌ఫోను పిన్ను పెట్టే రంధ్రం లేదు. మెమరీ కార్డు పెట్టే చోటు కూడా లేదు. ఉన్నవి పెద్ద కెమెరా, వేగం, 5జీ. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి, మంచిదే. కాని జాకెట్టు ఫోటో పంపడానికి 4జీ వేగం నాకు ఎన్నడూ తక్కువ కాలేదు.

"ఫోటోలకు ఫోనులోనే 128 జీబీ చోటుంది గదా వదినా" అన్నాడు మరిది. ఉంది. పాత ఫోనులోనూ ఉంది. కాని ఆ ఫోను చచ్చిపోయినప్పుడు దాని లోపల ఉన్నది దానితోనే పోయింది. కార్డులో ఉన్నది నా చేతిలో మిగిలింది. "క్లౌడులో పెట్టుకోవచ్చు" అన్నాడు. గూగుల్ వారు ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఉత్తరాలు, ఫోటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. దాటితే నెలనెలా కట్టాలి. అత్తయ్యగారికి వైరు లేని ఇయర్‌ఫోన్లు కొనవచ్చు. గోళీకాయంత ఉండే వాటిని రోజూ ఛార్జింగు పెట్టి, చీకట్లో మంచం కింద వెతుక్కోవడం ఆ వయసులో అయ్యే పని కాదు. ఛార్జింగు కన్నానికే తగిలించే చిన్న తోక ముక్క ఒకటి దొరుకుతుంది. అది తగిలిస్తే మామూలుగా ఛార్జింగు పెట్టడానికి వీలుండదు.

ఇహ ఐదు వేల ఐదు వందల లాభం సంగతి. మావారిని వెంటబెట్టుకుని మా ఊరి సెల్ షాపుకి వెళ్ళి, అదే కొత్త రకం ఎంతకిస్తారని అడిగాను. "పన్నెండు వేల ఐదు వందలకి ఇస్తానండీ, కవరు ఫ్రీ" అన్నాడు కుర్రాడు. పెట్టె మీద వేసే గరిష్ఠ ధర వేరు, అంగట్లో మారే ధర వేరు. మేము కట్టినది 13,499. లాభం అనుకున్నది కాస్తా వెయ్యి రూపాయల నష్టమని తేలింది. మావారు దారిలో ఏమీ మాట్లాడలేదు.

రెండు పాత ముచ్చట్లు

బదులు వస్తువు తీసుకోవడం అన్నది ఈనాటి తగువు కాదు. 2007 ఆగస్టులో జరిగిన గొడవ చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. నోకియా కంపెనీ వారు, తమ బీఎల్-5సీ రకం బ్యాటరీలలో 4 కోట్ల 60 లక్షలు ఛార్జింగు పెట్టినప్పుడు వేడెక్కే ప్రమాదముందని ప్రకటించారు. అవి జపానులోని మత్సుషిత కంపెనీ 2005 డిసెంబరుకూ 2006 నవంబరుకూ మధ్య తయారుచేసినవి. ఆ రోజుల్లో ఎవరి చేతిలో చూసినా నోకియాయే. అందరూ ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ మీద ఉన్న 26 అక్షరాల నంబరు పట్టుకుని వరసలు కట్టారు. అయితే అప్పుడు ఎవరికీ సందేహం కలగలేదు. ఎందుకంటే పోయేది బ్యాటరీ, వచ్చేది అచ్చంగా అటువంటి బ్యాటరీయే. ఫోను మనదే, నంబర్లు మనవే, పాటలు మనవే.

రెండో ముచ్చట ఇంతకంటె విచిత్రం. 2016 ఆగస్టులో శామ్‌సంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 అనే ఖరీదైన ఫోను విడుదల చేసింది. కొన్ని ఫోన్లు అంటుకుని కాలడంతో సెప్టెంబరు 2న అమ్మకాలు ఆపి, సుమారు 25 లక్షల ఫోన్లు మార్చి ఇస్తామన్నారు. అదే రకం ఫోను, వేరే చోట తయారైన బ్యాటరీతో ఇచ్చారు. తీరా అక్టోబరు 5న అమెరికాలో లూయీవిల్ నగరంలో, బయలుదేరబోయే విమానంలో ఒక ఫోను పొగలు కక్కింది. అది బదులుగా ఇచ్చిన ఫోనే! కొద్ది రోజులకే ఆ రకం తయారీయే మానుకున్నారు. మన దేశంలో అది సరిగా అమ్మకానికి రాకముందే ఈ రభస జరిగింది. ముందుగా బుక్ చేసుకున్నవారికి అదే కంపెనీ వారి గెలాక్సీ ఎస్7 గాని, ఎస్7 ఎడ్జ్ గాని కోరుకోమన్నారు.

ఈ రెండో ముచ్చటలో రెండు సంగతులు గమనించదగినవి. అదే రకం ఫోను ఇచ్చినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. దానిలో అదే లోపం ఉండవచ్చు. కనుక "నాకు అదే రకం కావాలి" అని పట్టుబట్టడం అన్నివేళలా తెలివైన పని కాదు. మదర్‌బోర్డులే పోయే రకమైతే, అదే రకం రెండోది మాత్రం ఎందుకు? పోతే, వేరే రకం ఇచ్చేటప్పుడు ఒకటే ముందు పెట్టి "ఇదే" అనడం వేరు, రెండు పెట్టి "ఏది కావాలి?" అనడం వేరు. అడిగితే ఎంచుకునే అవకాశం ఇవ్వవచ్చునన్నమాట.

చట్టం ఏమంటుంది?

మన పార్లమెంటు వినియోగదారుల రక్షణ చట్టం చేసింది 1986లో. ఆ ఏడు డిసెంబరు 24న దానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది గనకనే ఏటా ఆ రోజును జాతీయ వినియోగదారుల దినంగా జరుపుతున్నారు. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. 2020 జులై 20న అది అమలులోకి వచ్చింది. వస్తువులో లోపం రుజువైతే జిల్లా కమిషను వారు అమ్మినవారికీ, తయారుచేసినవారికీ ఇవ్వగల ఉత్తరువులు అందులో వరసగా చెప్పారు. మొదటిది, లోపం సవరించమనడం. రెండోది, అదే తరహాకు చెందిన, ఏ లోపమూ లేని కొత్త వస్తువును బదులు ఇమ్మనడం. మూడోది, పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇమ్మనడం. నష్టపరిహారం మాట వేరే ఉంది.

ఆ రెండో దానిలో మూడు మాటలు జాగ్రత్తగా చూడండి. కొత్త వస్తువు, అంటే ఎవరో వాడి తిరిగి ఇస్తే తుడిచి పెట్టెలో పెట్టినది కాదు. లోపం లేనిది. మూడోది, అదే తరహాది. అచ్చంగా అదే కానక్కరలేదు. అలాగని వాళ్ళ గోదాములో మిగిలిపోయిన ఏదో ఒకటీ కాదు. ఏది అదే తరహాది అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పే హక్కు కంపెనీవారికి ఎంత ఉందో, వాడుకునే మనకూ అంతే ఉంది.

ఇవన్నీ కమిషను ముందుకు పోయినప్పుడు వచ్చే ఉత్తరువులు సుమండీ. సర్వీసు సెంటరు కౌంటరు దగ్గర చట్టం పుస్తకం తీసి చదివితే అక్కడున్న కుర్రాడు చేయగలిగేది ఏమీ లేదు. పాపం, అతనూ ఉద్యోగస్తుడే. కాని మన వెనక ఇంత ఉందని తెలిస్తే మాట మెత్తగా, గట్టిగా రెండు విధాలా వస్తుంది. కమిషనుకు పోవలసి వచ్చినా భయపడేంత తతంగం కాదు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. కొన్న ఊరికి పోనక్కరలేదు, మనం కాపురముండే చోటే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ప్లీడరును పెట్టుకోవాలన్న నియమం లేదు. తగువు పుట్టిన రెండేళ్ళలోపల వేయాలి. అంతకంటె ముందు, 1915 అనే నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వారు తెలుగులోనే మాట్లాడి, ఫిర్యాదు రాసుకుని, కంపెనీకి పంపుతారు. అది కోర్టు కాదు, తీర్పు చెప్పదు, మధ్యవర్తి వంటిది.

మేము చేసిన పని

ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగా గీత గీశాను. ఎడమ పక్క పోయిన ఫోను చేసే పనులు రాశాను: మెమరీ కార్డు, రెండు సిమ్ములు, వైరు రంధ్రం, రోజంతా ఆగే బ్యాటరీ, అత్తయ్యగారికి కనిపించేంత పెద్ద తెర, రంగు తేడా రాని ఫోటో, డబ్బు రాకపోకలు. కుడి పక్క, ఇస్తామన్న ఫోను వాటిలో ఏవేవి చేస్తుందో గుర్తు పెట్టాను. ఏడింటిలో ఐదు చేస్తుంది. వాటిలో రెండు ఇంకా బాగా చేస్తుంది. చేయని రెండూ మాత్రం నా జీవనాధారమూ, ఆవిడ రాత్రీను.

అప్పుడు కంపెనీకి ఒక ఉత్తరం రాశాము. తిట్లు లేవు, బెదిరింపు లేదు. మేము కొన్న తారీకు, బిల్లు నంబరు, సర్వీసు చీటీ నంబరు, మీరు ఇస్తామన్న రకానికి ఈ రెండు సదుపాయాలు లేవు గనక అది సమానమైనది కాదు, ఈ రెండూ ఉన్న వేరే రకం ఇవ్వండి, లేదా బిల్లు సొమ్ము ఇప్పించండి, అంతే. నాలుగు రోజులు జవాబు లేదు. 1915కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు పుచ్చుకుని, ఆ నంబరు వేసి ఇంకో ఉత్తరం పంపాము. మరో ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది. సొమ్ము వాపసు కుదరదన్నారు. కార్డుకు చోటూ, వైరుకు రంధ్రమూ రెండూ ఉన్న రకం ఒకటుంది, కావాలంటే అది ఇస్తామన్నారు. అయితే అది 4జీ. కెమెరా మా పాతదానికంటె కాస్త తక్కువ. అంగట్లో ధర 11,999.

మళ్ళీ ఇంట్లో సభ కూడింది. "పదిహేను వందలు తక్కువది పుచ్చుకుంటామా? కమిషనుకు పోదాం" అన్నారు మావారు, ఈసారి పౌరుషంతో. పోవచ్చు. న్యాయం మా పక్కే ఉందని నాకూ తోచింది. కాని పట్టుదలకు కూడా ఖర్చుంటుంది. శ్రావణమాసం ముందుకొస్తోంది. ఒక్కసారి విజయవాడ వెళ్ళివస్తే రెండు జాకెట్ల పని పోతుంది. అమ్మాయి ఫోను తెర సగం పగిలి ఉంది. ఎన్ని నెలలు పడుతుందో తెలియని తగువుకోసం పెళ్ళిళ్ళ బేరాలు వదులుకోవడం నాకు సమ్మతం కాలేదు. డబ్బు మరీ ఎక్కువైతే, ఫోను ముప్ఫై వేలదైతే, నేనూ కమిషను మాటే అనేదాన్ని.

అందుచేత ఒప్పుకుంటామని, కాని రెండు షరతులు అని రాశాము. ధరలో తేడా ఇవ్వండి. వారంటీ మళ్ళీ ఏడాది ఇవ్వండి. తేడా సొమ్ము ఇవ్వలేమన్నారు. వారంటీ మాత్రం ఫోను చేతికిచ్చిన రోజునుంచి ఏడాదికి కాగితం మీద రాసిచ్చారు. మరిది అడగమన్న ప్రశ్న కూడా అడిగాము, భద్రతా సవరణలు ఎంతకాలం వస్తాయని. మూడేళ్ళన్నారు. అదీ రాయించుకున్నాము. ఆ తరువాతే సంతకం.

సంతకానికి ముందు

మీ ఇంట ఇటువంటి అవసరం వస్తే చూసుకోవలసినవి కొన్ని చెబుతాను.

మొదట, ఇచ్చేది కొత్తదా, బాగుచేసినదా అని అడగండి. నోటిమాట చాలదు, కాగితం మీద రాయమనండి. కొన్ని కంపెనీల వారంటీ పత్రంలోనే, బాగుచేసిన సామాను ఇవ్వవచ్చునని చిన్న అక్షరాలతో ఉంటుంది. పెట్టెకు సీలు ఉన్నదా, తయారైన నెల ఏది అన్నవి చూడండి.

రెండోది, ఐఎంఈఐ నంబరు. ప్రతి ఫోనుకూ 15 అంకెల నంబరు ఉంటుంది, బండికి ఛాసిస్ నంబరులాగా. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే అది కనిపిస్తుంది. పెట్టె మీద ఉన్నదీ, తెర మీద వచ్చినదీ, వారు ఇచ్చే కాగితం మీద రాసినదీ మూడూ ఒకటే కావాలి. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు సందేశం పంపితే ఆ ఫోను ఏ కంపెనీది, ఏ రకం అన్నది తెలుస్తుంది. మీ పాత బిల్లు మీద ఉన్నది పాత ఫోను నంబరు. రేపు ఈ ఫోను పోతే, 2023 మే నెలలో ప్రభుత్వం ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా దాన్ని పనిచేయకుండా ఆపించాలంటే కొనుగోలు కాగితం దగ్గర ఉంటే మంచిది. అందుకని, ఫలానా ఫోనుకు బదులు ఫలానా ఫోను ఇచ్చామని రెండు నంబర్లూ వేసిన కాగితం పుచ్చుకుని పాత బిల్లుకు గుచ్చి ఉంచండి.

మూడోది, వారంటీ. బదులు ఫోనుకు చాలాచోట్ల పాత వారంటీలో మిగిలిన రోజులే లెక్క. పదో నెలలో మార్చితే రెండు నెలలే మిగులుతుంది. అడిగితే ఎక్కువ ఇవ్వవచ్చు, అడగకపోతే ఇవ్వరు.

నాలుగోది, ఛార్జరు, కవరు. పాత ఛార్జరు కొత్తదానికి సరిపోతుందా? పెట్టెలో ఛార్జరు ఉందా? మనం విడిగా కొన్న కవరు, తెర మీది అద్దం ఎటూ పనికిరావు. అవి ఇమ్మని అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఐదోది, అప్పగించే పాత ఫోను. వెలిగే స్థితిలో ఉంటే అందులోనివన్నీ చెరిపి ఇవ్వండి. వెలగకపోతే, లోపలి సమాచారం ఎవరూ తీయరని రాసి ఇమ్మనండి. కొత్త ఫోనులో డబ్బు పంపే ఏర్పాటు మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. కొన్ని బ్యాంకులు మొదటి రోజు పెద్ద మొత్తాలు పోనివ్వవు. కనుక అద్దె కట్టేనాడో, ఫీజు కట్టేనాడో ఫోను మార్చుకోకండి.

అన్నిటికంటె ముఖ్యం, అంగీకారం తెలిపే ముందు ఆ రకం ఫోను ఒకసారి చేత పట్టుకుని చూడండి. సర్వీసు సెంటరులో చూపించకపోతే దగ్గరి అంగట్లో చూడండి. ఇంట్లో దాన్ని నిజంగా వాడేదెవరో వాళ్ళని వెంట తీసుకువెళ్ళండి. కొన్నది నాన్నగారు, వాడేది నాయనమ్మగారు అయితే, నాయనమ్మగారి మాటకే ఎక్కువ విలువ.

కొత్త ఫోను వచ్చి నెలన్నర అయింది. కార్డు పెట్టగానే ఐదేళ్ళ జాకెట్లూ తెర మీదికి వచ్చాయి. అత్తయ్యగారి ప్రవచనం సాగుతోంది. మా అమ్మాయికి మాత్రం ఇంకా కోపం పోలేదు. ఈ కెమెరా ఏం కెమెరా అంటుంది. అది నిజమే. నెమలికంఠం రంగు దీనిలో కాస్త నల్లగా వస్తోంది. అందుకని ఇప్పుడు జాకెట్టు ఫోటో తీయాలంటే మిషను దగ్గర తీయడం మానేసి, పొద్దున్న పదింటికి వీధి గుమ్మంలో, వెలుతురులో పట్టుకుని తీస్తున్నాను.